అది వినోద కార్యక్రమం కాదు

సంపాదకులకు,

అంతర్జాతీయ చరిత్ర సదస్సు గురించి మీరు వేసిన వార్త చూశాను. వార్త నాలుగు లైన్లు, ఫొటో మాత్రం పెద్దది. కింద 'ఆకట్టుకున్న ఆదివాసీ నృత్యాలు' అని రాశారు. ఆ సాయంత్రం నేనూ ఆ హాల్లోనే ఉన్నాను. ఏళ్ల తరబడి చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, రాయకుండా ఉండలేకపోతున్నాను.

నా కళ్లలో నిలిచిపోయింది మర్నాడు భోజనాల దగ్గర చూసింది. న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, హవాయి దీవుల ఆదివాసీ కుర్రాడొకడు పేపర్ నాప్‌కిన్ మీద మాటలు రాసుకుంటున్నారు. ప్రేమకు ఆవిడ 'అరోహా' అని రాస్తే అతను పక్కనే 'అలోహా' అని రాశాడు. మనిషిని ఆవిడ 'తంగాట' అంటే అతను 'కనక' అన్నాడు. ఇల్లు ఆవిడకు 'ఫరే', అతనికి 'హలే'. మాట కలిసినప్పుడల్లా ఇద్దరి మొహాలూ వెలిగిపోయేవి. నాప్‌కిన్ నిండిపోతే తిప్పి వెనక రాశారు. మధ్యన వేల కిలోమీటర్ల సముద్రం ఉన్నా, వీళ్ల పూర్వీకులు ఒక్కటేనని చెప్పే సాక్ష్యం ఆ కాగితం మీద ఉంది!

వీళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఇప్పటిది కాదు. మావోరీలు 1982లో పసిపిల్లలకు తమ భాషలోనే నడిచే 'కోహంగా రేయో' బడులు మొదలుపెట్టారు. అది చూసి హవాయి వాళ్లు 1984లో అలాంటి బడే 'పూనానా లేయో' తెరిచారు. రెండు పేర్లలోనూ గూడు అనే మాట ఉంది.

ఇక ఆ నృత్యాలతో వచ్చే పాటల సంగతి. కెనడాలో భూమి హక్కుల కేసులో గిట్‌క్సాన్ అనే అక్కడి ఆదివాసీ తెగ పెద్దావిడ ఒకరు తమ పాటను సాక్ష్యంగా పాడబోతే, కోర్టులో పాటేమిటని జడ్జి అభ్యంతరం చెప్పారు. అయినా ఆవిడ పాడింది. 1991 తీర్పు ఆ మౌఖిక చరిత్రకు విలువ ఇవ్వలేదు. 1997లో అక్కడి సుప్రీంకోర్టు మాత్రం దాన్ని రాతపత్రాలతో సమానంగా చూడాలని చెప్పింది. ఒక జాతికి పాటే దస్తావేజు అయినప్పుడు, దాన్ని భోజనం తర్వాత కాలక్షేపంగా పెట్టడం నాకు బాధ కలిగించింది.

నిర్వాహకులు నృత్యాలకు రెండు గంటలు ఇచ్చారు. ఆ మావోరీ పెద్దావిడ ప్రసంగానికి ఆఖరి రోజు మధ్యాహ్నం, చిన్న గదిలో, పదిహేను నిమిషాలు. ఈసారి మీ విలేకరిని అలాంటి గదికి కూడా పంపండి. ఆ రోజు వినడానికి వచ్చింది పదకొండు మంది. ముందు వరసలో ఆ హవాయి కుర్రాడు కూర్చుని నోట్స్ రాసుకుంటున్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్