సహచరుల ఢీ: మూలం పిట్‌లోనే

సంపాదకులకు నమస్కారం.

ఫార్ములా వన్‌లో ఒకే జట్టు కార్లు గుద్దుకున్న మర్నాడు క్రీడా పేజీల నిండా డ్రైవర్ల పొగరు గురించే ఉంటుంది. తెలుగు, ఒడియా పత్రికలు రెండూ తిరగేసే బరంపురం, రాయగడ, జయపురం కుర్రకారు రేసును ఫోన్లో చూసి, కారణం కోసం పేపరు తెరుస్తున్నారు. అది మాత్రం దొరకడం లేదు.

రెండు కార్లదీ ఒకే ఇంజను, దాదాపు ఒకే అమరిక. వెనకది ముందుదాన్ని అందుకోవాలంటే ఇంధనంలోనో, టైర్ల అరుగుదలలోనో, ఇంజను మోడ్‌లోనో (ఇంజను ఎంత శక్తి ఇవ్వాలో నిర్ణయించే సెట్టింగులోనో) తేడా రావాలి. ఆ తేడా చాలాసార్లు పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన జట్టు పనిచేసే చోట, ఉన్న ఇంజనీర్ల నిర్ణయం వల్లే వస్తుంది. 2010లో ఇస్తాంబుల్‌లో ముందున్న రెడ్‌బుల్ జట్టు డ్రైవర్ వెబర్‌ను ఇంధనం పొదుపు చెయ్యమన్నారు. అంతకుముందే పొదుపు చేసుకున్న అతని సహచరుడు వెటెల్‌కు ఇంకా పూర్తి శక్తి ఉంది. వెనక ప్రత్యర్థి జట్టు మెక్‌లారెన్ కార్లు తరుముతున్నాయి. 40వ ల్యాపులో (ట్రాక్ చుట్టూ 40వ చుట్టులో) ఇద్దరూ తగులుకున్నారు. మొదటి రెండు స్థానాలకు 25, 18 కలిపి 43 పాయింట్లు రావలసిన రెడ్‌బుల్‌కు వెబర్ మూడో స్థానం తెచ్చిన 15 మిగిలాయి. అప్పట్లో జట్టు ఆదేశాలపై నిషేధం ఉంది కాబట్టి "ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి" అని బాహాటంగా చెప్పే వీలూ లేదు. 2011 నుంచి ఆ నిషేధం ఎత్తేశారు. అది మంచి పని అని నా గట్టి అభిప్రాయం.

2016 స్పెయిన్‌లోనూ అంతే. మెర్సిడెస్ డ్రైవర్ రోస్‌బర్గ్ ఇంజను తప్పు మోడ్‌లో ఉండి, మూడో మలుపు దాటాక శక్తి పడిపోయింది. లోపలివైపు దూరిన సహచరుడు హామిల్టన్, దారి మూసుకుపోవడంతో గడ్డిలోకి వెళ్లి తిరిగి వచ్చి తగిలాడు. మొదటి ల్యాపులోనే మెర్సిడెస్ కార్లు రెండూ అవుట్. రేసులో తప్పొప్పులు తేల్చే స్టీవార్డులు ఎవరికీ శిక్ష వెయ్యలేదు.

మన దేశం పేరు పెట్టుకున్న ఫోర్స్ ఇండియా జట్టు కూడా 2017లో అజర్‌బైజాన్‌లోని బాకూలో, మళ్లీ బెల్జియంలోని స్పాలో తన డ్రైవర్లు పెరెజ్, ఒకాన్ తగులుకున్నాకే ఆదేశాలు విధించింది. మొదటి మలుపులో ఎవరు తగ్గాలి, టైర్లు ముందు ఎవరికి మార్చాలి, పొదుపు మోడ్‌లో ఉన్నవాడిని రెండోవాడు దాటవచ్చా అన్నవి రేసుకు ముందే తేల్చి ఇద్దరికీ చెప్పాలి. రేసు మధ్యలో రేడియోలో చెబితే, గంటకు 300 కిలోమీటర్ల వేగంలో ఎవరూ వినరు.

ఇకమీద ఇలాంటి వార్త రాసేటప్పుడు ఢీకొన్న క్షణానికి ఎవరి టైర్లు ఎన్ని ల్యాపులు తిరిగాయి, ఇంజను మోడ్ ఏమిటి, స్టీవార్డులు ఏం తేల్చారు అన్నవి తెలిసినంతవరకు వేయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా