లైవ్ రాక్ పేరుతో చచ్చిన రాయి, లైవ్ శాండ్ పేరుతో ఏటి ఇసుక పంపడంపై ఫిర్యాదు

తార్నాక, హైదరాబాద్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

గత నెల 9న మా ఉప్పునీటి చేపల తొట్టి కోసం మీ దగ్గర 20 కిలోల లైవ్ రాక్ (బాక్టీరియా, చిన్న జీవులు బతికుండే సముద్రపు రాయి), 15 కిలోల లైవ్ శాండ్ (అలాంటి బాక్టీరియా ఉండే సముద్రపు ఇసుక) తీసుకున్నాను. ఈ రెండింటికే 21,500 రూపాయలు కట్టాను. బిల్లు, ఫొటోలు జతచేశాను.

రాయి క్యూర్ చేసిందేనా, అంటే చచ్చినవన్నీ కుళ్ళి పోయేదాకా నీళ్ళలో ఉంచిందేనా అని కొనేముందు రెండుసార్లు అడిగాను. "ఆరు వారాలు మా టబ్బుల్లోనే ఉంది సార్, మూడో రోజు చేపలు వేసేసుకోండి" అన్నాడు మీ సేల్స్ అబ్బాయి. థర్మోకోల్ పెట్టె తెరిస్తే, తడిగా ఉండాల్సిన న్యూస్‌పేపర్ ఎండి అట్టకట్టి రాయికి అతుక్కుపోయి ఉంది. మర్నాటి సాయంత్రానికి ఇల్లంతా కుళ్ళిన గుడ్ల కంపు. గుడ్డు ముట్టని మా అత్తగారు, ఎవరు తెచ్చి దాచారో అని వంటింటి అరలన్నీ వెతికారు. ఫోన్ చేస్తే "అది సముద్రం వాసనే సార్" అన్నారు. విశాఖ బీచ్ చూసినవాణ్ణి, సముద్రం అలా కంపు కొట్టదని తెలుసు. అయినా నమ్మాను. నీళ్ళు పరీక్షించే టెస్ట్ కిట్ అప్పటికింకా కొనలేదు, ఆ తప్పు నాదే.

12న మీ వాళ్ళే రెండు క్లౌన్ ఫిష్ తెచ్చి ఇచ్చారు. 13 రాత్రి ఒకటి, తెల్లారేసరికి రెండోది పోయాయి. అప్పుడు కిట్ తెచ్చి చూస్తే, పసుపుగా ఉండాల్సిన అమ్మోనియా టెస్ట్ ముదురు ఆకుపచ్చకి తిరిగింది, అంటే నీళ్ళలో అమ్మోనియా బాగా ఎక్కువుంది.

"మంజీరా కుళాయి నీళ్ళు పోశారా?" అన్నది మీ వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న. లేదండీ. ఖనిజాలన్నీ తీసేసి శుద్ధి చేసిన ఆర్ఓ డీఐ నీళ్ళు, టీడీఎస్ (కరిగిన లవణాలు) సున్నా. ఉప్పు కలిపాక నీటి సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు. రాయి లోపలి స్పాంజీలు, పురుగులు దారిలో ఎండి చచ్చి, తొట్టిలో కుళ్ళాయి. పీహెచ్ ఎక్కువుండే ఉప్పునీటిలో అమ్మోనియా విషం మరింత తీవ్రం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కోసమే కదా ఇంత పోసి లైవ్ రాక్ కొనేది! అది బతికి లేకపోతే మిగిలేది ఖరీదైన కంకర.

ఇసుక సంగతి ఇంకా ఘోరం. లైవ్ శాండ్‌లో ఉండాల్సిన అరగొనైట్ అనే సున్నపు ఖనిజం మీద వెనిగర్ పోస్తే బుస్సున నురగ రావాలి. మీ ఇసుకలో ఒక్క బుడగ లేదు, అభ్రకం మెరుపులు మాత్రం ఉన్నాయి. పక్కింట్లో పనిచేస్తున్న మేస్త్రీ చేత్తో నలిపి చూసి, "ప్లాస్టరింగ్‌కి బాగుంటది సార్" అన్నాడు.

ఇంకొకటి. రెండు రాళ్ళ మీద మెదడు ముడతల్లాంటి గీతలున్నాయి. అవి పగడపు అస్థిపంజరాలేమోనని నా అనుమానం. రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఈ సరుకు ఎక్కడి నుంచి, ఏ కాగితాలతో వచ్చిందో రాతపూర్వకంగా చెప్పండి.

రాయి, ఇసుకల డబ్బు మొత్తం, చేపల ఖరీదు 15 రోజుల్లో వాపసు ఇవ్వాలి. మార్చి ఇస్తామంటే ఒప్పుకోను. లేదంటే వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

రాళ్ళు బాల్కనీలో టబ్బులో మూతపెట్టి ఉంచాను. తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళని ఆ మూత మా వీధి దాటాకే తీయమనండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు