మళ్లీ సైకిలెక్కించినవాళ్లకి

మొన్న గురువారం పొద్దున ఐదున్నరకి విజయవాడ సింగ్ నగర్‌లో మా వీధి చివరిదాకా సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి తిరిగొచ్చాను. వీధి చిన్నదే. కానీ ఎడమ మోకాలికి కీలు మార్పిడి ఆపరేషన్ అయిన పద్నాలుగు నెలల తర్వాత వెనక ఎవరూ పట్టుకోకుండా నేనొక్కదాన్నే సైకిల్ తొక్కడం అదే మొదటిసారి. గేటు దగ్గర దిగాక ఏడుపు ఆగలేదు. ఇంతదాకా తెచ్చినవాళ్లకి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని రాస్తున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది, నొప్పి పోయింది. మోకాలు వంగడం మాత్రం 95 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. కుర్చీలో కూర్చోవడానికి, మెట్లెక్కడానికి అది చాలు. సైకిల్‌కి చాలదు. మామూలు సైకిల్‌లో పెడల్ పైకొచ్చేసరికి మోకాలు దాదాపు 110 డిగ్రీలు వంగాలి. ముప్పై ఏళ్లు బడికి సైకిల్ మీదే వెళ్లిన మనిషిని, ఆటో కోసం సందు మొదట్లో నిలబడ్డ ప్రతిసారీ ప్రాణం చివుక్కుమనేది.

ముందు మా ఫిజియోథెరపీ అమ్మాయికి. కదలని సైకిలెక్కించి, "ముందుకి రాకపోతే వెనక్కి తిప్పండి ఆంటీ" అనేది. సగం ముందుకి, సగం వెనక్కి, ఉయ్యాల ఊపినట్టు ఆర్నెల్లు తొక్కించింది. ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి చూసి ఒక్క డిగ్రీ పెరిగినా నాకంటే తనే సంబరపడేది. ఇక పెరగదని తెలిశాక నన్ను నిరాశపరచలేదు. డాక్టరుగారితో మాట్లాడి, "సీటు ఎత్తి, పెడల్ క్రాంకులు పొట్టివి వేయించి చూడండి" అంది. క్రాంకంటే పెడల్‌ని మధ్య ఇరుసుకి కలిపే ఇనుప చెయ్యి.

రెండు షాపుల్లో కుదరదన్నారు. ఒకాయనైతే ఈ వయసులో సైకిలెందుకమ్మా అన్నాడు. మూడోది మా తమ్ముడి షాపు. తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, ఇప్పుడు అంతకంటే ఎక్కువ. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కాలు ఎంతవరకు వంగుతుందో చూసి, టేపు తీశాడు. "కాలు రాకపోతే పెడల్నే కాలు దగ్గరికి తెద్దాంలేమ్మా" అన్నాడు. పాత క్రాంకు ఆరున్నర అంగుళాలు. పిల్లల సైకిల్‌కి వేసే ఐదున్నర అంగుళాల జత వెతికి తెచ్చాడు. పెడల్ పైకొచ్చినప్పుడు ఒక అంగుళం కలిసొచ్చింది. కింద అంగుళం తగ్గింది కాబట్టి సీటు ఇంకో అంగుళం లేపాడు. మొత్తం రెండంగుళాలు. నా మోకాలికి ఆ రెండంగుళాలే కావాల్సింది.

చెప్పినంత తేలిగ్గా అవలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి ఆ సైకిల్ నీళ్లలోనే ఉండిపోయింది. క్రాంకుల్ని ఇరుసుకి బిగించే కాటర్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేసి, మర్నాడు సుత్తితో దెబ్బ మీద దెబ్బ వేసి ఊడదీశాడు. కొత్త పిన్ను ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో కాస్త అరగదీయడం, పెట్టి చూడడం, మళ్లీ తీయడం. నాలుగోసారికి గానీ అతనికి నచ్చలేదు. రెండు పెడళ్లూ ఒకే గీతలో లేకపోతే ఆ తేడా మోకాలికి తెలిసిపోతుందట. వేళ్ల నిండా ఇనుప రజను. సామాను డబ్బులు తీసుకున్నాడు, కూలి ఎంత బతిమాలినా ముట్టుకోలేదు.

మా ఆయన సంగతి చెప్పకపోతే తప్పు. సీటు ఎత్తయింది, నా కాళ్లు నేలకి పూర్తిగా అందవు. లేడీస్ సైకిల్ కాబట్టి అడ్డకమ్మీ లేదు, ఆగే ముందు కుడికాలు దించి దిగిపోవాలి. అది అలవాటయ్యేదాకా పది రోజులు క్యారియర్ పట్టుకుని నా వెనక పరిగెత్తారు, అరవై ఎనిమిదేళ్ల మనిషి.

తమ్ముడూ, వారం తొక్కాక పిన్నులు మళ్లీ బిగించాలి, రమ్మన్నావుగా. సోమవారం షాపు తీసే వేళకి సైకిల్ మీదే వస్తాను. ఆవకాయ కూడా తెస్తున్నాను. మీ ఆవిడకి కారం పడదన్నావని కొంచెం తగ్గించే కలిపాను.