చిన్న తూకాలకూ అర పేజీ ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్నటి ఆదివారం మీ క్రీడల పేజీలో అలీ, టైసన్ తలపడితే ఎవరు గెలుస్తారని అర పేజీ వేశారు. చదివాను, బాగుంది. కానీ ఇట్లాంటి ఊహా పోటీలు ఎవరు రాసినా వంద కిలోల మనుషుల గురించే రాస్తారు. నేను నిజామాబాద్ మార్కెట్ యార్డులో 31 ఏళ్లు దడ్వాయిగా పసుపు తూచినవాణ్ణి. కాటా ఒక పక్కకే మొగ్గుతుంటే చూస్తూ ఊరుకోలేను.

బాక్సింగ్‌లో మగవాళ్లకు అన్నిటికన్నా చిన్న తూకం (బరువు విభాగం) 105 పౌండ్లు, అంటే 47.6 కిలోలు. 45 కిలోల యూరియా బస్తా మీద రెండున్నర కిలోలు ఎక్కువ, అంతే. మెక్సికో వాడైన రికార్డో లోపెజ్ 1990లో ఆ తూకంలో ఛాంపియన్ అయ్యాడు. చివరిదాకా లెక్క చూస్తే 51 గెలుపులు, ఒక డ్రా. ఓటమి అన్నదే లేదు. నికరాగువా వాడు రోమన్ గొంజాలెజ్, ముద్దుపేరు చాకొలటీటో, 2008లో అదే తూకంలో మొదటి ఛాంపియన్ బెల్టు గెలిచి, తర్వాత ఇంకో మూడు తూకాల్లోనూ గెలిచాడు. వీళ్లిద్దరూ ఎదురుపడితే? మా మనవడు టక్కున గొంజాలెజ్ అంటాడు. నేను మాత్రం "ఎన్ని పౌండ్ల దగ్గర?" అని అడుగుతాను.

105 దగ్గరైతే లోపెజ్. ఎడమ చేయి సూటిగా చాచి కొట్టే జాబ్‌తో దూరం కొలుచుకుంటాడు, ఎదుటివాడు లోపలికి రాగానే అదే చేత్తో కింది నుంచి అప్పర్‌కట్ లేపుతాడు. గొంజాలెజ్‌ది దగ్గరికి చొరబడి, అడుగు పక్కకు జరుపుకుంటూ నాలుగైదు గుద్దులు వరసగా కురిపించే ఆట. చొరబడేవాడికి ఆ అప్పర్‌కట్టే గండం. దీనికి మనవడి దగ్గర జవాబుంది. 1998 మార్చిలో లోపెజ్‌ను మొట్టమొదటిసారి కింద పడేసిన రోసెండో అల్వారెజ్ కూడా నికరాగువా వాడే కదా తాతా అంటాడు. నిజమే. తలలు ఢీకొని ఆ పోరాటం డ్రాగా ముగిసింది. అదే ఏడాది నవంబరులో మళ్లీ కలిసినప్పుడు అల్వారెజ్ బరువు తగ్గించుకోలేక, తన బెల్టును బరిలోకి దిగకముందే కాటా మీద పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత పోరాటంలోనూ ఓడాడు.

అదే 108 పౌండ్ల దగ్గరైతే నా ఓటు మారుతుంది. లోపెజ్ ఆ తూకంలో బెల్టు గెలిచేసరికి 33 ఏళ్లవాడు. గొంజాలెజ్ 25 ఏళ్లకే, 2012లో, అక్కడ మెక్సికో బాక్సర్ ఎస్ట్రాడా లాంటివాడితో 12 రౌండ్లు కొట్లాడి గెలిచాడు. మూడు పౌండ్లంటే కిలోన్నర కూడా కాదు. కిలోన్నరే కదా అని బస్తాకు అంత తరుగు తీస్తే రైతు ఒప్పుకుంటాడా?

నన్ను నిద్ర పోనివ్వని జోడీ మాత్రం వేరే ఉంది. దక్షిణ కొరియాలో చాంగ్ జుంగ్-కూ, యూ మ్యుంగ్-వూ. ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే కాలం, ఒకే 108 పౌండ్లు. చాంగ్ చేతిలో డబ్ల్యూబీసీ అనే బాక్సింగ్ సంఘం బెల్టు, 15 సార్లు నిలబెట్టుకున్నాడు. యూ దగ్గర డబ్ల్యూబీఏ అనే ఇంకో సంఘం బెల్టు, వరసగా 17 సార్లు. ఇద్దరూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. చాంగ్ ఎదుటివాడి మీద పడి అల్లకల్లోలం చేసే రకం. యూ నిదానంగా ఒత్తిడి పెంచి, ఆఖరి రౌండ్లలో జడివానలా కురిసే రకం. ఇక్కడ తూకం పేచీ లేదు, రౌండ్ల పేచీ ఉంది. 1982లో లాస్ వెగాస్‌లో కిమ్ దుక్-కూ అనే ఇంకో కొరియా బాక్సర్ 14వ రౌండులో కుప్పకూలి, కొన్ని రోజులకు చనిపోయాడు. దాంతో డబ్ల్యూబీసీ తన పోరాటాలను 12 రౌండ్లకు కుదించింది. డబ్ల్యూబీఏ ఇంకొన్నేళ్లు 15 రౌండ్లే నడిపింది. 1985లో యూ బెల్టు గెలిచింది 15 రౌండ్లు ఆడే. అందుకే 12 రౌండ్లయితే చాంగ్, 15 అయితే యూ అని నా లెక్క.

జపాన్ బాక్సర్ హిదెయుకి ఒహాషి చాంగ్ చేతిలో రెండుసార్లు ఓడాడు. 1990లో లోపెజ్‌కు బెల్టు పోగొట్టుకున్నదీ ఆయనే. తర్వాత యొకొహామాలో జిమ్ పెట్టాడు. నవోయా ఇనోవే ఆ జిమ్ కుర్రాడే, 2014లో తన ఆరో పోరాటంలోనే 108 పౌండ్ల బెల్టు కొట్టాడు. చాంగ్, లోపెజ్, ఇనోవేలలో ఎవరు గొప్ప అని నన్నడిగితే ఏం లాభం? ఇద్దరి గుద్దులు తిని, మూడోవాణ్ణి దగ్గరుండి పెంచిన ఆ ఒహాషిని అడగాలి.

మీరు ఈ పోటీలు వేస్తే ఉత్త పేర్లు ఇచ్చి ఓట్లు అడగొద్దు. ఏ ఏడాది మనిషి, ఎన్ని కిలోలు, ఎన్ని రౌండ్లు అన్నది ముందు రాయండి. మా ఊరి నిఖత్ జరీన్ సంగతే చూడండి. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీలకు మనవాళ్లను ఎంచిన ట్రయల్స్‌లో 51 కిలోల దగ్గర మేరీ కోమ్ ఆమెను 9–1తో ఓడించింది. ఆ స్కోరు ఎత్తితే మా టీ కొట్టు దగ్గర ఇప్పటికీ ముఖాలు మాడతాయి. కానీ ప్రపంచ పోటీల్లో 2010లో బార్బడోస్‌లో 48 కిలోలకు స్వర్ణం గెలిచిన మేరీకి, 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోలకు స్వర్ణం తెచ్చిన నిఖత్‌కు పోటీ పెడితే? మధ్యలో 50 దగ్గర పెట్టండి. 2023లో ఢిల్లీలో నిఖత్ ఆ తూకంలోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. మేరీ ఎడమచేతివాటం ఎవరికైనా చిక్కే, అయినా నేను నిఖత్ అంటాను. సొంతూరి అభిమానం కొంత కలిసి ఉంటుంది. ఆ మేరకు తరుగు తీసుకోండి.

ఇట్లు,
ఒక పాత దడ్వాయి,
నిజామాబాద్