పుస్తకం లేదనుకునే ముందు

అమ్మలూ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. టీనేజర్లకు నిద్ర తక్కువైతే మార్కులు ఎందుకు తగ్గుతాయి అని లైబ్రరీ కేటలాగులో ఇంగ్లిష్‌లో వాక్యమంతా కొట్టావు. ఒక్క పుస్తకమూ రాలేదు. లైబ్రరీలో ఏమీ లేదు, టాపిక్ మార్చేస్తానంటున్నావు. అప్పుడే మార్చకు. అన్నేళ్లుగా కేటలాగింగ్ చేస్తున్నదాన్ని, నా మాట విను.

పుస్తకం లోపలి పేజీలను కేటలాగు చదవదు. అది వెతికేది రికార్డులో మాత్రమే. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ వివరాలు, పుస్తకం దేని గురించో చెప్పే కొన్ని సబ్జెక్ట్ హెడింగ్స్, ఒక్కోసారి విషయసూచిక. ఎంత లావు పుస్తకానికైనా అక్కడ ఉండేవి ఆ కొద్ది లైన్లే. పైగా చాలా కేటలాగులు నువ్వు కొట్టిన మాటల మధ్య తమంతట తామే 'ఆండ్' పెట్టుకుంటాయి. అంటే 'ఎందుకు', 'తక్కువైతే', 'తగ్గుతాయి' కూడా ఆ నాలుగు లైన్లలో ఉంటేనే చూపించమని నువ్వు అడిగినట్టు. అలాంటి రికార్డు దొరకదు.

అందుకని వాక్యం వదిలేసి నీ ప్రశ్నలో అసలు సంగతులేంటో చూడు. మూడే ఉన్నాయి: నిద్ర, టీనేజర్లు, చదువు. ఒక్కోదాన్ని వేరేవాళ్లు ఏమని పిలుస్తారో కాగితం మీద రాసుకో. నువ్వు టీనేజర్స్ అన్నవాళ్లను ఒక రచయిత అడోలసెంట్స్ అంటాడు, ఇంకొకాయన యూత్ అంటాడు. ఇలా దగ్గర అర్థం ఉన్న మాటల మధ్య 'ఆర్' పెట్టి బ్రాకెట్లో ఉంచు. గుంపుకీ గుంపుకీ మధ్య 'ఆండ్' పెట్టు.

(స్లీప్ ఆర్ ఇన్సామ్నియా) ఆండ్ (టీనేజర్స్ ఆర్ అడోలసెంట్స్ ఆర్ యూత్)

ఇవి ఇంగ్లిష్‌లోనే కొట్టు. ఆండ్, ఆర్‌లను క్యాపిటల్ అక్షరాల్లో రాయి, కొన్ని కేటలాగులు అలా రాస్తేనే గుర్తుపడతాయి. చదువు సంగతి మొదట్లోనే కలపకు. వచ్చిన జాబితా మరీ పెద్దదైతే అప్పుడు ఇంకో 'ఆండ్' వేసి కుదించుకోవచ్చు.

చాలామంది ఒకచోట తడబడతారు. 'నిద్ర మీదా కలల మీదా పుస్తకాలు కావాలి' అని కౌంటర్ దగ్గర అడిగితే రెండు రకాలూ తెచ్చిస్తారు. అదే కేటలాగులో 'ఆండ్' పెట్టి అడిగితే, రెండు మాటలూ ఒకే రికార్డులో ఉన్నవే వస్తాయి. రెండు రకాలూ కావాలంటే 'ఆర్' పెట్టాలి.

బ్రాకెట్లు ఎందుకులే అని వదిలేయకు. 'స్లీప్ ఆండ్ టీనేజర్స్ ఆర్ అడోలసెంట్స్' అని ఊరికే రాశావనుకో. మొదటి రెండు మాటలూ ఒక జట్టయిపోతాయి, 'అడోలసెంట్స్' ఒంటరిగా మిగిలిపోతుంది. అప్పుడు నిద్ర ఊసే లేని అడోలసెంట్స్ పుస్తకాలన్నీ వచ్చి పడతాయి. వరస మార్చి స్లీప్‌ని చివర పెడితే ఎడమ నుంచి కుడికి చదివే కేటలాగు సరిగ్గానే ఇస్తుంది, 'ఆండ్'ని ముందు లెక్కగట్టే కేటలాగు ఇవ్వదు. ఏది ఎలా చదువుతుందో బయటికి కనపడదు. బ్రాకెట్ పెడితే ఆ బెంగే ఉండదు.

'నాట్' విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కలల పుస్తకాలు వద్దని 'స్లీప్ నాట్ డ్రీమ్స్' అంటే, నిద్ర గురించి వివరంగా రాసి కలలకు ఒక అధ్యాయం ఇచ్చిన మంచి పుస్తకం కూడా ఎగిరిపోవచ్చు. విషయసూచికలో ఆ ఒక్క మాట ఉంటే చాలు. పోయిందని నీకు తెలియను కూడా తెలియదు. అక్కర్లేనివి నాలుగు ఎక్కువొస్తే కళ్లతో దాటేయవచ్చు కదా.

ఇప్పుడు నా మనసుకు దగ్గరైన సంగతి. ఫలితాల్లో నీకు బాగా నచ్చిన పుస్తకం ఒకటి తెరిచి, కింద సబ్జెక్ట్ అనే చోట ఏముందో చూడు. 'స్లీప్ డిప్రివేషన్', అంటే నిద్ర చాలకపోవడం, లాంటి మాట కనపడొచ్చు. అది ఊరికే వచ్చిన మాట కాదు. ఆ పుస్తకాన్ని ఒక మనిషి చేత్తో పట్టుకుని, ముందుమాట చదివి, ఇది దేని గురించా అని ఆలోచించి, ఒప్పుకున్న జాబితాలోంచి ఏరి పెట్టిన మాట. కేటలాగు రికార్డులు రాయడానికి మేం వాడే పద్ధతి పేరు మార్క్ (MARC), అందులో దాని చోటు 650 నంబరు ఫీల్డు. పుస్తకం పేరులో నిద్ర అన్న మాటే లేకపోయినా ఈ హెడింగ్ దాన్ని పట్టిస్తుంది. దాని మీద క్లిక్ చెయ్యి, లేదా నీ బ్రాకెట్లోకి తెచ్చుకో. పాత మాటల్నీ వదలకు. ఇలాంటి హెడింగ్స్ జాబితా తయారుచేసే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2010లో 'కుకరీ' అన్న హెడింగ్‌ని 'కుకింగ్' అని మార్చింది. రికార్డులు సరిచేసుకోని చోట పాతదే ఉండిపోతుంది. అలాంటప్పుడు మధ్యలో ఒక 'ఆర్' ఉంటే రెండూ దొరుకుతాయి.

ఈ ఆండ్, ఆర్, నాట్‌ల లెక్కంతా జార్జ్ బూల్ అనే ఆయన చలవ. చెప్పులు కుట్టే ఆయన కొడుకు. యూనివర్సిటీ డిగ్రీ లేదు, చాలావరకు సొంతంగా చదువుకున్నాడు. అయినా 1849లో ఐర్లండ్‌లోని కార్క్‌లో కాలేజీ ప్రొఫెసర్ అయ్యాడు. మనిషి తర్కాన్ని బీజగణితంలా రాయొచ్చని 1847లో ఒక పుస్తకం, 1854లో ఇంకా పెద్దది రాశాడు. కంప్యూటర్లు లేని రోజుల్లో! ఆయన పేరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

చిన్న చిట్కాలు రెండు. 'అడోలసెన్' దాకా టైప్ చేసి నక్షత్రం గుర్తు పెడితే చాలా కేటలాగుల్లో అడోలసెంట్, అడోలసెంట్స్, అడోలసెన్స్ అన్నీ వస్తాయి. రెండు మాటలు పక్కపక్కనే కావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టు.

ఇంకొకటి, పత్రికల్లో వచ్చే వ్యాసాలు మామూలుగా కేటలాగులో విడివిడిగా ఉండవు, పత్రిక పేరు వరకే ఉంటుంది. వాటి కోసం లైబ్రరీ పేజీలోనే డేటాబేస్‌లు ఉంటాయి. ఇదే బ్రాకెట్ల లైను అక్కడా వేసి చూడు. నక్షత్రం గుర్తు పనిచేస్తుందో లేదో హెల్ప్ పేజీలో ఉంటుంది, లేకపోతే డెస్క్ దగ్గర అడుగు. అడగడానికి మొహమాటపడకు, వాళ్లు కూర్చున్నదే అందుకు. వచ్చిన జాబితా నాకు పంపు, ఏది ముందు చదవాలో ఇద్దరం కలిసి చూద్దాం.

అమ్మ