నొప్పితోపాటు మనసునూ అడగాలి

సంపాదకులకు నమస్కారం.

పొత్తికడుపు నొప్పి ఆరు నెలలు దాటితే వైద్యులు దానిని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. మా అక్క ఎనిమిదేళ్లు భరించింది. స్కానింగ్ తీయించిన ప్రతిసారీ అంతా నార్మల్ అని రావడం, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకోవడం, తను మాత్రం మాట్లాడకుండా ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకోవడం నేను పక్కనుండి చూశాను. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరిగే జబ్బు, ఎండోమెట్రియోసిస్, చాలాసార్లు మామూలు స్కానింగ్‌కు అందదని అప్పట్లో మాకు తెలియదు. ‘పని తప్పించుకోవడానికే’ అన్న మాటలు పడీ పడీ, చివరకు ‘నాకు నిజంగా నొప్పి ఉందంటావా’ అని నన్నే అడిగింది. ఒక అర్ధరాత్రి వేడినీళ్ల సంచిని పొట్టకు అదుముకుని, ‘ఇలా ఎన్నాళ్లు బతకాలే’ అంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానోత్పత్తి వయసులోని స్త్రీలు, బాలికలలో సుమారు 10 శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి, ఈ ఎండోమెట్రియోసిస్ ఉంది. ఏళ్ల తరబడి సాగే నొప్పి నిద్రను చెడగొడుతుంది, కుంగుబాటును, ఆందోళనను తెస్తుంది. అవి మళ్లీ నొప్పిని పెంచుతాయి. భర్తతో కలవడమే బాధగా మారినప్పుడు ఆ సంగతి చెప్పుకునే చోటు కూడా ఉండదు. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి వాపుతో ఇలాంటి నొప్పినే మోసే మగవారు బయటపడటం ఇంకా అరుదు.

మన దగ్గర ఇలాంటి నొప్పికి తరచు వినిపించే సలహా గర్భసంచి తీయించుకోమని. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అవన్నీ నొప్పి కోసమే చేసినవి కావు గానీ, ఆపరేషన్ తర్వాతా నొప్పి వదలనివారున్నారు. వారి కుంగుబాటును పట్టించుకునేదెవరు?

నిద్ర పడుతోందా అమ్మా, ఏడుపొస్తోందా అని ఒక డాక్టరమ్మ అడిగిన రోజే మా అక్క నోరు విప్పింది. అడగడానికి రెండు నిమిషాలు పట్టలేదు. ప్రభుత్వ ఆసుపత్రుల స్త్రీల ఓపీలో ఈ ప్రశ్నలను తప్పనిసరి చేయాలని, అవసరమైనవారిని అదే రోజు మానసిక వైద్యుల వద్దకు పంపాలని, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416ను ఆడవాళ్లు కూర్చునే బల్లల ఎదుట గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాలని వైద్యారోగ్య శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, గుంటూరు