నైట్ గార్డ్ అమ్మేస్తే సరిపోదు

సంపాదకులకు,

నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళు నైట్ గార్డ్ (రాత్రిపూట పళ్ళకు పెట్టుకునే తొడుగు) తగిలించుకుంటే చాలన్నట్టు ప్రకటనలు వస్తున్నాయి. గార్డ్ పళ్ళు అరక్కుండా అడ్డుపడుతుందే గానీ కొరకడాన్ని మాన్పించదు. ఆ మాట పెట్టె మీద అచ్చువేసి తీరాలని నిబంధన తేవాలి.

వేడినీళ్ళలో ముంచి ఎవరికి వారు అచ్చు వేసుకునే మెత్తటి గార్డులు పెట్టుకుంటే కొందరు ఇంకా గట్టిగా బిగిస్తారు. ముందు పళ్ళకే సరిపోయే చిన్నవాటిని నెలల తరబడి వాడితే వెనకపళ్ళు ఎదిగొచ్చి, ముందుపళ్ళు కలవకుండా పోయే ప్రమాదముంది. కొలత తీసి చేసే గట్టి అక్రిలిక్ గార్డ్ ఒక వరసనంతా కప్పుతుంది. ఎదుటి వరస దాని మీద ఒకేసారి ఆనేలా డాక్టరు సరిచేయాలి, ఒకటి రెండు వారాల్లో మళ్ళీ చూడాలి. దాన్ని కడగడానికి చన్నీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు. వేడినీళ్ళు తగిలితే వంగిపోతుంది.

అసలు గార్డుకు కొలత తీసేముందే గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగి మెలకువ వస్తోందా అని అడగాలి. అలా ఊపిరి ఆగే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఉంటే ముందు దాని సంగతి చూడాలి. డిప్రెషన్‌కు వాడే ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలీన్ లాంటి మందులతోనూ కొందరికి పళ్ళు కొరకడం మొదలవుతుంది. అలాగని మాత్రలు సొంతంగా మానేయకూడదు, రాసిచ్చిన డాక్టరుకే చెప్పాలి. పొగ, మద్యం, కాఫీల గురించి అడగడానికి నిమిషం పట్టదు.

పగటిపూట పళ్ళ బిగింపును మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. పెదవులు మూసి ఉన్నా, ఊరికే ఉన్నప్పుడు పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండాలి. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప అవి తగలక్కర్లేదు. కంప్యూటర్ ముందు తలొంచుకుని కూర్చున్నవాళ్ళ కణతల మీద వేళ్ళు ఆనిస్తే, పళ్ళు బిగించి ఉన్నప్పుడు కండరం ఉబ్బి తగులుతుంది. నాలుక అంచున పళ్ళ గుర్తులు, బుగ్గ లోపల తెల్లటి గీత కూడా బిగింపు ఉందేమో చూడమని చెప్పే ఆనవాళ్ళే. నాలుక కొసను పై ముందుపళ్ళ వెనక ఆనించి, దవడ వదులు చేయాలి. గంటకోసారి ఫోన్‌లో గుర్తు పెట్టుకుంటే కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, బహుశా అందుకే ప్రకటనల్లో కనిపించదు.

చిన్నపిల్లల్లో చాలామందికి పళ్ళు కొరకడం పెద్దయ్యేకొద్దీ దానంతటదే తగ్గుతుంది. అంత మాత్రాన నులిపురుగుల మందు పట్టించక్కర్లేదు.

కొరకడం మానుతుందని చెప్పి మంచి పళ్ళను అరగదీస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. పోయిన ఎనామిల్ (పంటి గట్టి పైపొర) మళ్ళీ రాదు.

ఇట్లు,
ఒక దంతవైద్యుడు